యాసంగిలో వరి మానితే ఎకరాకు ఎంత ఇవ్వాలి? లెక్క తెగట్లేదు

రాజేంద్రనగర్ పీజీ: పొద్దుట్నుంచి ఇదే పని, తల పగిలిపోతోంది. యాసంగిలో వరి బదులు ఆరుతడి పంట వేసి భూగర్భజలం కాపాడే రైతుకు ప్రభుత్వం డబ్బిచ్చే పథకం ఒకటి తయారుచేస్తున్నా, ప్రాజెక్టు కోసం. వరి మీద మిగిలేదాంట్లోంచి పల్లి మీద మిగిలేది తీసేసి, ఆ తేడా ఇద్దామనుకున్నా. ఒక్కో ఊళ్లో ఒక్కో అంకె వస్తోంది. సగటు పెడితే బడ్జెట్ దాటుతోంది, తగ్గిస్తే ఎవరూ చేరరు. రేపు గైడ్‌కి చూపించాలి, టెన్షన్‌గా ఉంది. ఫార్ములా తెలిస్తే చెప్పండి, ప్లీజ్.

పాలమూరు: బోరు కిందా, కాలువ కిందా?

విశ్రాంత ఇంజినీరు: ఫార్ములా తర్వాత. 2018 జనవరి 1 నుంచి మన దగ్గర సాగుకు 24 గంటల ఉచిత కరెంటు. తోడుకోవడానికి పైసా ఖర్చు లేని చోట, తోడొద్దని మళ్లీ డబ్బివ్వాలా? పంజాబ్‌లో అదే ఏడాది ‘పానీ బచావో పైసే కమావో’ తెచ్చారు. మోటారుకు మీటరు పెట్టి, కోటాలో మిగిల్చిన యూనిట్‌కు 4 రూపాయలు ఇచ్చారు. ఏ పంట వేశారని అడగలేదు. ముందు మీటర్ల అధ్యాయం రాయండి.

మెదక్ రైతుబిడ్డ: సార్, మీటరు మాటెత్తితే ఊళ్లో ఎవరూ కూర్చోబెట్టి మాట్లాడరు. హర్యానాలో 2020లో ‘మేరా పానీ మేరీ విరాసత్’ కింద వరి మానితే ఎకరాకు 7,000 అన్నారు. పంట కంటికి కనిపిస్తుంది, తనిఖీ తేలిక.

విశ్రాంత ఇంజినీరు: వరి మానడం వేరు, నీళ్లు మిగలడం వేరు. ఆ నీళ్లతోనే పక్కన బీడు తడిపితే మట్టం లేస్తుందా? ఫలితానికే డబ్బివ్వాలి.

మెదక్ రైతుబిడ్డ: వాన పడని ఏడు మట్టం దిగితే రైతు తప్పా? చేసిన పనికే ఇవ్వాలి.

తార్నాక: ఇద్దరూ తమ్ముడి ప్రశ్న వదిలేశారు. తేడా ఇవ్వాలన్న నీ ఆలోచన సరైనదే. డబ్ల్యూటీఓ (ప్రపంచ వాణిజ్య సంస్థ) వ్యవసాయ ఒప్పందం రెండో అనుబంధం, 12వ పేరా కూడా పర్యావరణ పథకాల్లో అదనపు ఖర్చు, కోల్పోయిన ఆదాయం వరకే ఇవ్వమంటుంది. చిక్కంతా ఒకే రేటుతో. బోరు ఎండి ఎలాగూ వరి మానేవాళ్లే ముందు చేరతారు, డబ్బు వాళ్లకే పోతుంది, కొత్తగా మిగిలే నీళ్లు ఉండవు. అమెరికాలో 1985 చట్టంతో మొదలైన భూసంరక్షణ పథకం చూడు, సాగు ఆపి భూమిని కాపాడే రైతుకు డబ్బిస్తారు. గరిష్ఠ రేటు ముందే చెప్తారు, అంతకంటే తక్కువకు ఒప్పుకున్న రైతుకు, భూమికి ఎక్కువ మేలు జరిగే చోటుకు ఎంపికలో మార్కులు ఎక్కువ. ఒప్పందం 10 నుంచి 15 ఏళ్లు. ఇంకోటి, కౌలు రైతును మర్చిపోకు. రైతుబంధు పట్టాదారుకే అందింది. నష్టం కౌలుదారుది, డబ్బు పట్టాదారుది అయితే వరి మానేదెవరు?

రాజేంద్రనగర్ పీజీ: కొన్ని ఊళ్లు కాలువ కిందవి, కొన్ని బోర్లవి. అది కూడా చూడాలా?

పాలమూరు: అదే కదా అడిగింది. కాలువ ఊళ్లు తీసెయ్. అక్కడ వరి మళ్లలో నీళ్లు ఇంకుతాయి, మట్టం పెరుగుతుంది.

రాజేంద్రనగర్ పీజీ: సరే అన్నా, థాంక్స్. బోర్ల ఊళ్లు విడిగా తీసి చూస్తా.

విశ్రాంత ఇంజినీరు: మీటరు లేకుండా నీళ్లెలా కొలుస్తారో ఇంకా ఎవరూ చెప్పలేదు.