ఇన్సూరెన్స్ సర్వేయర్ పని లోపలి నుంచి ఎలా ఉంటుంది?

ప్రశ్న (గుంటూరు మెకానికల్):
నేను ఆరేళ్లుగా గుంటూరులో ఒక కార్ల వర్క్‌షాపులో బాడీ రిపేర్ల ఎస్టిమేట్లు వేస్తున్నాను. దెబ్బతిన్న బండ్ల నష్టం అంచనా వేయడానికి బీమా కంపెనీలు పంపగా రోజూ వచ్చే సర్వేయర్లను చూసి, నేనూ సర్వేయర్, లాస్ అసెసర్ లైసెన్సు తీసుకుంటే బాగుంటుందనిపిస్తోంది. ఇంజినీరింగ్ డిగ్రీ అర్హతగా సరిపోతుందని, సీనియర్ సర్వేయర్ దగ్గర 12 నెలలు శిక్షణ పొంది పరీక్ష రాయాలని తెలుసుకున్నాను. అంతవరకు ఇబ్బంది లేదు. నాకు తెలియనిది ఆ తరువాతి సంగతి. మా షాపుకు వచ్చే బండి యజమానులు సర్వేయర్‌ను కంపెనీ మనిషి అంటారు. కంపెనీ వాళ్లేమో ఆయన షాపు వాళ్ల మాట విని ఎక్కువ వేశాడంటారు. ఈ ఇద్దరి మధ్య రోజు ఎలా గడుస్తుందో, ఈ వృత్తిలో ఉన్నవారు దయచేసి చెప్పగలరా?

జవాబు (బెజవాడ మోటార్ సర్వేయర్):
పద్నాలుగేళ్లుగా నేను మోటారు క్లెయిములే చూస్తున్నాను. మామూలు రోజున నాలుగైదు షాపులు తిరిగి, బండి ఛాసిస్ నంబరు సరిచూసి, ఫొటోలు తీసి, ఏ భాగం మార్చాలో ఏది బాగుచేస్తే సరిపోతుందో రాసుకుని, రాత్రి ఇంట్లో కూర్చుని రిపోర్టు తయారుచేస్తాను. గొడవలన్నీ తరుగుదల దగ్గరే, అంటే భాగం పాతబడినందుకు దాని ధరలో వేసే కోత దగ్గరే వస్తాయి. క్యాష్‌లెస్ అంటే, కంపెనీయే నేరుగా షాపుకు కడుతుంది కాబట్టి, తన చేతి నుంచి రూపాయి పడదని యజమాని అనుకుంటాడు. సాధారణ పాలసీలో ప్లాస్టిక్ బంపర్‌కు 50 శాతం, ఫైబర్‌గ్లాస్‌కు 30 శాతం కోత ఉంటుంది. అద్దాలకు కోత లేదు. ఇనుప భాగాలకు బండి వయసును బట్టి పెరుగుతూ, మూడేళ్లు దాటి నాలుగేళ్లలోపు బండికి 25 శాతం అవుతుంది. ఇది నేను పెట్టిన లెక్క కాదని షాపు కౌంటర్ దగ్గర రోజుకు మూడుసార్లైనా చెప్పవలసి వస్తుంది.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు ఆ నాలుగైదు షాపుల లెక్క తలకిందులైంది. ఒక్కో షాపు ఆవరణలో బురద పట్టిన కార్లు వరుసగా నిలిపి ఉండేవి, సీట్లు తీసి ఎండలో పెట్టేవారు. నీరు ఎంత ఎత్తు వచ్చిందో యజమాని చెప్పనక్కరలేదు, డాష్‌బోర్డు డొప్ప విప్పితే లోపల బురద గీత కనిపిస్తుంది. ఆ తరువాత ఆయిల్ పుల్ల బయటికి లాగి చూస్తాను. ఆయిల్ పాలెక్కువైన కాఫీ రంగులో ఉంటే ఇంజన్‌లోకి నీరు చేరినట్టే. చేరిన తరువాత స్టార్ట్ చేశారా లేదా అన్నది అసలు ప్రశ్న, ఎందుకంటే నీళ్లున్న ఇంజన్‌ను తిప్పడం వల్ల జరిగిన నష్టాన్ని, ఇంజన్ ప్రొటెక్షన్ యాడ్ ఆన్ (విడిగా డబ్బు కట్టి తీసుకునే అదనపు రక్షణ) లేని పాలసీలో కంపెనీలు సాధారణంగా ఒప్పుకోవు.

ఒక పెద్దాయన కారు ఇంజన్ పై మూత (హెడ్) విప్పించాను. మూడు సిలిండర్ల లోపలి గోడల మీద మసి పట్టీ సన్నగా ఉంది, నాలుగో దానిలో దాదాపు రెట్టింపు వెడల్పు ఉంది. నీళ్లున్న ఇంజన్‌ను తిప్పినప్పుడు, పిస్టన్‌ను పైకీ కిందికీ కదిలించే కనెక్టింగ్ రాడ్ వంగి, పిస్టన్ పూర్తిగా పైకి రాకపోవడం వల్ల అలా అవుతుంది. ఆయన అప్పటిదాకా స్టార్ట్ చేయలేదనే అన్నారు. ఆ సిలిండర్ గోడ చూపించాక కాసేపు మాట్లాడకుండా నిలబడి, "నీళ్లు తీశాక ఒక్కసారి తాళం తిప్పానండీ" అన్నారు. యాడ్ ఆన్ లేదు. ఉన్నది ఉన్నట్టే రాశాను. ఆయన అబద్ధమాడారని మాత్రం రిపోర్టులో రాయలేదు, అది నా పని కాదు.

జవాబు (లెక్కల దారి):
నేను చార్టర్డ్ అకౌంటెంట్‌గా ఉండి ఈ వైపు వచ్చినవాణ్ని, ఎక్కువగా అగ్నిప్రమాద క్లెయిములు చూస్తాను. మోటారులో వస్తువు కళ్లెదుట ఉంటుంది. మా దగ్గర వస్తువు బూడిదై ఉంటుంది, దాన్ని పుస్తకాల్లోంచి మళ్లీ నిలబెట్టాలి. ఒక బట్టల గోదాములో బయటికి అంతా నల్లగా మాడిపోయినట్టున్న బేళ్లను కత్తితో కోయించి చూస్తే, బట్ట గట్టిగా నొక్కి ఉండడం వల్ల గాలి చొరబడక, అంచు నుంచి నాలుగు వేళ్ల మేరకే కాలి, లోపలంతా పొగవాసన తప్ప మరే దెబ్బా లేకుండా ఉంది. దానికి సాల్వేజ్ విలువ (మిగిలిన సరుకు అమ్మితే వచ్చే ధర) కట్టి క్లెయిములోంచి తగ్గించినందుకు ఆ యజమానికి నా మీద ఇప్పటికీ కోపమే. బ్యాంకుకు ఇచ్చిన స్టాక్ స్టేట్‌మెంటు, జీఎస్టీ రిటర్నులు, కొనుగోలు బిల్లులు మూడూ పక్కపక్కన పెట్టి చూసినప్పుడు, అప్పు పరిమితి కోసం బ్యాంకుకు పెంచి చూపిన సరుకు, పన్ను దగ్గర తగ్గించి చూపిన సరుకు ఒకే గోదాములో ఎదురుపడుతుంటాయి.

అన్నిటికన్నా కష్టమైన సంభాషణ యావరేజ్ క్లాజు గురించి, అంటే సరుకు విలువకన్నా తక్కువకు బీమా చేస్తే అదే నిష్పత్తిలో క్లెయిము తగ్గించే నిబంధన గురించి. ప్రమాదం నాటికి 40 లక్షల సరుకుండి, 20 లక్షలకే బీమా చేసి ఉంటే, 10 లక్షల సరుకు కాలినప్పుడు చేతికొచ్చేది 5 లక్షలే, అందులోంచి ఎక్సెస్ (యజమానే భరించవలసిన వాటా) కూడా పోతుంది. ప్రీమియం తగ్గుతుందని చేసుకున్న పని ఇది. 2021 ఏప్రిల్ నుంచి అమలులోకి వచ్చిన భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష పాలసీలో, 5 కోట్ల వరకు ఆస్తి ఉన్నవారికి, తక్కువ బీమా 15 శాతం దాటకపోతే ఈ కోత వేయకూడదు. అది నిజంగా మంచి మార్పు.

జవాబు (ఖమ్మం కిరాణా):
నేను సర్వేయర్‌ను కాను, క్లెయిము చేసినవాణ్ని. 2024 సెప్టెంబరులో మున్నేరు వరదలో మా దుకాణం మునిగింది. ఒక సర్వేయర్ వచ్చి, ముక్కు మూసుకుని అరగంటలో ఫొటోలు తీసుకుని వెళ్లిపోయారు. తడిసిన బియ్యం, పప్పు పురుగు పట్టినా ఆయన రాస్తారేమోనని పదిరోజులు పారేయకుండా ఉంచుకున్నాం. చివరికి అడిగినదానిలో సగానికి కూడా రాని మొత్తం ఖాతాలో పడింది. ఎందుకు తగ్గిందని అడిగితే కంపెనీ వాళ్లు సర్వేయర్‌ను అడగమన్నారు, సర్వేయర్ కంపెనీని అడగమన్నారు. గుంటూరు గారు, మీరు ఈ పనిలోకి వస్తే కనీసం తగ్గించిన లెక్క కూర్చోబెట్టి చెప్పండి.

జవాబు (లెక్కల దారి):
ఖమ్మం గారు, మీకు జరిగినదాన్ని నేను సమర్థించను. మీరు రిపోర్టు ప్రతి ఇమ్మని రాతపూర్వకంగా అడగండి. సర్వేయర్ రిపోర్టు చివరి మాట కాదని సుప్రీంకోర్టు 2009లోనే చెప్పింది. అదే ఏడాది మరో తీర్పులో, తగిన కారణం లేకుండా కంపెనీ తనకు నచ్చే అంకె వచ్చేదాకా సర్వేయర్లను మారుస్తూ పోకూడదని కూడా చెప్పింది. కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేసిన తరువాత కూడా తేలకపోతే, హైదరాబాద్‌లో బీమా ఫిర్యాదులు విని తేల్చే ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లవచ్చు. ఫీజు లేదు, లాయరు అక్కరలేదు, గడువు మాత్రం చూసుకోండి.

జవాబు (బెజవాడ మోటార్ సర్వేయర్):
గుంటూరు గారికి ఇంకొక్క మాట. మన ఫీజు ఇచ్చేది కంపెనీ, అదీ నెలల తరబడి ఆలస్యంగా వస్తుంది. అందువల్ల మొదటి రెండేళ్లు వర్క్‌షాపు జీతం లాంటి ఆదాయం ఉంటుందని లెక్క వేసుకోకండి. ఎస్టిమేట్లు వేసిన అనుభవం మీకు పెద్ద బలమే, ఏ భాగం బాగవుతుందో తెలిసినవాడిని షాపు వాళ్లు సులభంగా ఏమార్చలేరు. అయితే ఇప్పుడు పనిచేస్తున్న షాపు బండ్లను మాత్రం మొదటి ఏడాది తీసుకోవద్దు. నిన్నటి సహోద్యోగి టీ ఇచ్చి ఆ డోరు కూడా మార్చేద్దామండీ అన్నప్పుడు, బాగుచేస్తే చాలని అతని మొహం చూసి చెప్పడం నాకు పద్నాలుగేళ్ల తరువాత కూడా కష్టంగానే ఉంటుంది.