సమస్యాపూరణం: ‘లేని వస్తువు నమ్మెను లెక్కగట్టి’

నిర్వాహకుడు: మిత్రులారా, పద్యం చివరి పాదం నేనిస్తాను, ముందు మూడు పాదాలు మీరు పూరించాలి. ఈ వారం పాదం ఇది:

*లేని వస్తువు నమ్మెను లెక్కగట్టి*

మ్యాజిక్ ప్రదర్శనలు ఇచ్చేవారి బతుకు, మ్యాజిక్ సరుకులు అమ్మే కొట్టు... పూరణలు ఈ చుట్టుపక్కలే తిరగాలి. మోసగాడు గాలి అమ్మాడని తేల్చేస్తే ఒప్పుకోను. ఆ వృత్తికి గౌరవం దక్కాలి.

తెనాలి మాస్టారు: బోణీ నాది.

*పెట్టె తెరచిన లోపల పేక లేదు*
*చీటి యొక్కటి వెదుకంగఁ జేతికందె*
*గుట్టు నందున దాచిన కొట్టువాడు*
*లేని వస్తువు నమ్మెను లెక్కగట్టి*

గోదారిగట్టు: మాస్టారూ, మూడో పాదానికి నమస్కారం. గుట్టు, కొట్టు! యతీ (పాదం మొదటి అక్షరానికి మధ్యలో జోడక్షరం) కుదిరింది, ప్రాసయతీ (రెండో అక్షరాల జోడు) కుదిరింది. చీటీలో ఉన్నది గుట్టు, గుట్టుకి రూపం లేదు, కనుక లేని వస్తువే. సమస్య విడిపోయింది.

గారడీకొట్టు: నేను ఈ వ్యాపారంలోనే ఉన్నాను కాబట్టి ఒక్క మాట. మాస్టారు రాసింది రోజూ నా బల్ల ముందు జరిగేదే. ముందు ఐటమ్ చేసి చూపిస్తాం. ఎర్ర సిల్కు రుమాలు గుప్పిట్లో దూర్చి, చెయ్యి విప్పితే ఉండదు. కుర్రాడు నోరు తెరుస్తాడు, డబ్బు కడతాడు. అప్పుడు పొట్లం చేతికిస్తాం. విప్పితే అందులో బొటనవేలికి తొడుక్కునే చిన్న ప్లాస్టిక్ తొడుగు. వాడి మొహం చూడాలి అప్పుడు! ‘ఇంతేనా అంకుల్?’ అంటాడు. వాడు డబ్బు కట్టింది ప్లాస్టిక్‌కి కాదు, ఆ తొడుగుని జనం కళ్లెదుటే ఉంచి కనపడకుండా చేసే తెలివికి. గుట్టు చెప్పాక సరుకు వాపసు తీసుకోం, తెలిసినదాన్ని వాడు తిరిగి ఇవ్వలేడు కదా. ‘లెక్కగట్టి’ అన్న మాటకి న్యాయం చేసిన పూరణ ఇది.

ఓరుగల్లు కలం: నాది ఫ్రాన్సు దాకా పోయింది. జార్జ్ మెలియెస్ మొదట రంగస్థలం మీద ఇంద్రజాలికుడు. 1888లో పారిస్‌లో రాబర్ట్ హుడాఁ నాటకశాల కొన్నాడు. 1902లో సినిమా తీసి, తెర మీద చందమామ కంట్లో తూటా గుచ్చింది ఆయనే. చివరికి మోంపర్నాస్ రైల్వేస్టేషనులో బొమ్మలు, మిఠాయిలు అమ్ముకుంటూ కూర్చున్నాడు.

*చందమామకు మనిషిని సాగనంపి*
*రైలు స్టేషనులో బొమ్మలు రాశిపోసి*
*మేలియేసను మాయావి మేటి తుదకు*
*లేని వస్తువు నమ్మెను లెక్కగట్టి*

గోదారిగట్టు: ఎత్తుగడ అద్భుతం. ‘సాగనంపి’ దగ్గర మనసు ఆగింది. కానీ రెండో పాదంలో గణాలు (అక్షరాల కొలతలు) కుంటుతున్నాయి. ‘స్టేషను’ భగణం, ‘లోబొమ్మ’ తగణం, ఆపైన మిగిలింది ‘లురా’. అది లగం (ముందు లఘువు, వెనక గురువు), అక్కడ రావలసిన సూర్యగణం ఎలా అవుతుంది? ఆ ‘లో’ ఒక్కటే మొత్తం చెడగొట్టింది. యతి కూడా దానితోనే పోయింది.

ఓరుగల్లు కలం: దీపావళి సమస్యకి తమరు రాసిన ‘దివ్వె వెలుగుల నింగిని డెందమలరె’ నాకింకా యాదికుంది గోదారి గారూ. ‘ది’కి ‘డె’తో మైత్రి ఏ లక్షణకర్త చెప్పిండు? ఆ రోజు అందరూ బాగుంది అన్నరు, నేనొక్కడినే అడిగిన. జవాబు నేటికీ రాలేదు.

గోదారిగట్టు: అక్కడ భావం కోసం ఆ పదం ఉంచాను, ఇప్పటికీ ఉంచుతాను. డెందం బదులు ఇంకేం పెట్టినా ఆ వెలుగు రాదు.

నిర్వాహకుడు: దీపావళి సంగతి దీపావళి పోస్టు కింద మాట్లాడుకోండి. ఓరుగల్లు అన్నా, ‘రైలు నిలయాన బొమ్మలు రాశిపోసి’ అంటే సరిపోతుంది.

గోదారిగట్టు: గణం కుదిరింది, ఒప్పుకున్నాను. అసలు చిక్కు అలాగే ఉంది. రాశిపోసిన బొమ్మలు కళ్ల ముందు ఉన్న వస్తువులే. లేని వస్తువు ఎక్కడ?

నిర్వాహకుడు: 1923లో ఆయన తన సినిమా నెగెటివులు తనే తగలబెట్టుకున్నాడు. అంతకుముందే యుద్ధకాలంలో సైన్యం ఆయన రీళ్లు పట్టుకుపోయి కరిగించి, బూట్ల మడమలకు వాడింది. మూడో పాదం ‘కాలిపోయిన చిత్రాల కర్త తాను’ అంటే?

ఓరుగల్లు కలం: పాదం మంచిగుంది, కానీ పేరు పోతది. ఆ మనిషి పేరు పద్యంలో ఉండాలె. పేరు మరిచిపోయినందుకే ఆయన ఆ కొట్టుల కూసున్నడు. ఆయన పిల్లలకు అమ్మింది బొమ్మల ఉన్న అబ్బురం. అది లేని వస్తువే.

గోదారిగట్టు: ఆ ‘అబ్బురం’ వ్యాఖ్యానంలో ఉంది, పద్యంలో లేదు.

మల్లెపందిరి: మీ ఇద్దరి మధ్యలో నా పూరణ. ‘వస్తువును అమ్మెను’ అని కాదు, విరుపు ‘వస్తువు, నమ్మెను’ దగ్గర.

*జాడ లరసెడి హోమ్సును జగతి కిచ్చి*
*తర్కమెరిగిన డాయిలు తాను గూడ*
*కాగితపు రెక్క కన్యల గాంచి మురిసి*
*లేని వస్తువు నమ్మెను లెక్కగట్టి*

తెనాలి మాస్టారు: అమ్మా! అమ్మకాన్ని నమ్మకం చేసేశావు. ఇంగ్లాండులో కాటింగ్లీ ఊరి ఆడపిల్లలు రెక్కల దేవకన్యల అట్టబొమ్మలు కత్తిరించి, టోపీ పిన్నులతో నిలబెట్టి తీసిన ఫొటోలే కదా! 1920లో షెర్లాక్ హోమ్స్ కథల రచయిత కోనన్ డాయిల్ వాటిని నిజమని పత్రికలో రాశాడు. అట్టముక్కలని వాళ్లే ఒప్పుకునేసరికి 1983 వచ్చింది.

ఓరుగల్లు కలం: పద్యం నిర్దోషం అక్కా. మరి ‘లెక్కగట్టి’ పొసగుతదా? నమ్మేటోడు లెక్కలేస్తడా?

మల్లెపందిరి: వేశాడు తమ్ముడూ, విషాదమంతా అక్కడే. నెగెటివులు నిపుణులకు చూపించారు. కొడాక్ వాళ్లు ధ్రువపత్రం ఇవ్వబోమన్నా, ఆయన తనకు అనుకూలమైన మాటలన్నీ కూడేసుకున్నాడు.

నిర్వాహకుడు: డాయిల్ సరే, మ్యాజిక్ కొట్టు ఏదక్కా?

మల్లెపందిరి: ఆయన పక్కనే ఇంద్రజాలికుడు హుడినీ ఉన్నాడు కదా. 1922లో అట్లాంటిక్ సిటీలో డాయిల్ భార్య, హుడినీ తల్లి ఆత్మ పలికిందంటూ పేజీలకు పేజీలు రాసిచ్చింది. అంతా ఇంగ్లీషు, పైన శిలువ గుర్తు. ఆ తల్లి యూదుల ఇల్లాలు, రబ్బీ భార్య, ఇంగ్లీషు సరిగా రాదు. జనాన్ని భ్రమింపజేసి బతికే హుడినీ దాన్ని నమ్మలేదు, డాయిల్ నమ్మాడు. వాళ్ల స్నేహం చెడింది. ఇక కొట్టంటారా, న్యూయార్కులో మార్టిన్కా కొట్టుని 1919లో కొన్నది ఈ హుడినీయే.

గారడీకొట్టు: మార్టిన్కా పేరు వింటే మాకు ఒళ్లు పులకరిస్తుంది. 1902లో అమెరికా ఇంద్రజాలికుల సంఘం పుట్టింది ఆ కొట్టు వెనకగదిలోనే. ఏ ఊళ్లోనైనా వెనకగదే అసలు బడి. ముందు బల్ల మీద అమ్మకం, వెనక గదిలో చేతివాటం దిద్దుబాటు. నా పూరణ కూడా చూడండి.

*అద్దమెదుటను వేళ్లకు నలుపు రాగ*
*నేర్చుకొమ్మను గురువైన నేర్పుకాడు*
*తొడుగు చూపక ముందుగ దుడ్డు గొనుచు*
*లేని వస్తువు నమ్మెను లెక్కగట్టి*

తెనాలి మాస్టారు: ‘వేళ్లకు నలుపు’ అని చదివి వేళ్లు నల్లబడ్డాయేమో అనుకున్నాను. ‘అలుపు’ అని పట్టుకోగానే యతి కూడా దొరికింది. అద్దం ముందు వేళ్లు అలవడం చేసినవాడికే తెలుస్తుంది.

ఓరుగల్లు కలం: గోదారి గారూ, ఇందుల కూడా ఏమన్న అక్షరం దొరికిందా?

గోదారిగట్టు: వెతికాను, దొరకలేదు. ‘తొడుగు’కి ‘దుడ్డు’ చక్కగా కూర్చుంది. ఈ వారం నా ఓటు గారడీకొట్టు గారికే. విరుపు మటుకు అక్కయ్యదే. ఇక మీ మెలియెస్ పద్యం... మూడో పాదంలో పేరు ఉంచి, రెండో పాదంలోకి ఆ అబ్బురం తెచ్చి రాయండి. అప్పుడు దాన్ని అందరికన్నా ముందు నేనే మెచ్చుకుంటాను.

ఓరుగల్లు కలం: రాస్తున్న. మీరు గూడ ‘డెందం’ తీసి ఇంకో పాదం పెట్టండి.