బాగా చదివే పిల్లలతో తోటి పిల్లలకు పాఠం చెప్పించడం న్యాయమేనా?

తొమ్మిదో తరగతి అమ్మ:
మా అమ్మాయి ఒక ప్రైవేటు హైస్కూల్లో చదువుతోంది, స్టేట్ సిలబస్. ఈ ఏడు క్లాసునంతా ఆరుగురేసి గ్రూపులు చేశారు. మార్కులు బాగా వచ్చే పిల్లలు లీడర్లు. రోజూ చివరి పీరియడ్లో లీడరే మిగతా ఐదుగురి చేత అప్పజెప్పించుకోవాలి, నోట్సులు దిద్దాలి. స్లిప్ టెస్టులో ఎవరికైనా తగ్గితే లీడర్ని నిలబెట్టి అడుగుతున్నారు. ఇక ప్రాజెక్టు పని సంగతి సరేసరి. చార్టు కొన్నది మేము, రాసింది మా అమ్మాయి, కింద పేర్లు మాత్రం ఆరు. ఇదేమిటని అడిగితే "ఇంకొకరికి చెబితేనే చదువు గట్టిపడుతుందమ్మా" అంటున్నారు. మేం ఫీజు కడుతున్నది మా పిల్ల చదువుకోవడానికి కదా, చదువు చెప్పడానికి కాదు. ఇది స్వార్థమంటారా?

పీఎస్ మాస్టారు (జడ్పీ హైస్కూలు):
స్వార్థం కాదు మేడమ్. అప్పజెప్పించుకోవడం, నోట్సు దిద్దడం టీచరు పనులు. వాటిని పిల్ల నెత్తిన వేసి దానికి గ్రూప్ లెర్నింగ్ అని పేరు పెట్టారు. అంతమాత్రాన పిల్లలు ఒకరి దగ్గర ఒకరు నేర్చుకోవడమే దండగ అనుకోకండి.

ఈమధ్య మా తొమ్మిదో తరగతి ఫిజిక్స్ క్లాసులో ఒక ప్రశ్న ఇచ్చాను. నిట్టనిలువుగా పైకి విసిరిన బంతి పైకంటా వెళ్లి ఆగిన క్షణంలో దాని త్వరణం, అంటే వేగం మారే రేటు, ఎంత? ఒకటి, సున్నా. రెండు, 9.8 కిందికి. మూడు, 9.8 పైకి. నోరు మెదపకుండా వేళ్లు చూపించమన్నాను. సగానికి పైగా ఒక వేలే లేచింది. ఏది రైటో చెప్పకుండా, పక్కవాళ్లు వేరే వేలు చూపిస్తే వాళ్లని ఒప్పించండి అన్నాను. ఒకటే గోల. ఒకమ్మాయి "ఆగిపోయింది కదే, ఇంకేం త్వరణం?" అంటోంది. పక్కమ్మాయి "అదీ సున్నా అయితే బంతి అక్కడే వేలాడాలి కదే, కిందికెందుకు పడుతుంది?" అంది. ఏటా నేను చెప్పే వివరణ కంటే ఇదే తేలిగ్గా ఉంది. రెండోసారి అడిగితే దాదాపు అందరూ రెండు వేళ్లు చూపించారు. ఆ పక్కమ్మాయి మా క్లాసు ఫస్టు కాదు, లీడరూ కాదు.

హార్వర్డ్‌లో ఫిజిక్స్ చెప్పే ఎరిక్ మజూర్ 1991 నుంచి చేస్తున్నది ఇదే. మొదటిసారి 30 శాతం కంటే తక్కువ మంది సరైన జవాబిస్తే మాట్లాడుకోనిచ్చి లాభం లేదు, టీచరే మళ్లీ చెప్పాలంటాడాయన. 70 శాతం దాటితే చర్చ అక్కర్లేదు. ఆ మధ్యలో ఉన్నప్పుడే పక్కవాడి మాట పనికొస్తుంది.

రిటైర్డ్ హెచ్.ఎం.:
హార్వర్డ్ దాకా ఎందుకు మాస్టారూ? 1823లో బళ్లారి కలెక్టరు కాంప్‌బెల్ తన జిల్లాలోని తెలుగు, కన్నడ బడుల మీద మద్రాసు ప్రభుత్వానికి నివేదిక రాశాడు. పై పిల్లలు కింది పిల్లలకు చెప్పడం, అలా చెబుతూ తమకు వచ్చింది గట్టిపరచుకోవడం ఎంతో మెచ్చుకోదగ్గదనీ, ఇంగ్లండువాళ్లు దీన్ని అనుకరించడం సబబేననీ అందులో ఉంది. అంతకుముందే ఆండ్రూ బెల్ అనే పాదిరీ మద్రాసులో ఇక్కడి పిల్లలు ఇసకలో అక్షరాలు దిద్దడం చూసి, దాన్ని తన అనాథ పిల్లల బడిలో పెట్టి, పెద్ద పిల్లల చేత చిన్నవాళ్లకు చెప్పించి, 1797లో లండన్లో పుస్తకం వేశాడు. అక్కడ దాన్ని మద్రాసు పద్ధతి అనే పిలిచారు. మన వీధి బడి ఆచారాన్ని మనమే అనుమానిస్తే ఎలా?

వెనక బెంచీ:
సార్, ఆ పద్ధతి ఇంగ్లండులో ఎందుకంత పాకిందో కూడా చెప్పండి. ఒక్క మాస్టారు వందలమంది పిల్లల్ని నెట్టుకురావచ్చు, జీతాల ఖర్చు మిగులుతుంది. 19వ శతాబ్దం సగం గడిచేసరికి అక్కడే మూలపడింది. మేడమ్ చెప్పిన బడిలోనూ ఇదే లెక్క అని నా అనుమానం. చివరి పీరియడ్‌కి టీచరు లేరు, కాబట్టి లీడర్లు ఉన్నారు.

నేను ఇంజనీరింగ్ మూడో ఏడు. మినీ ప్రాజెక్టుకి నలుగురం ఒక బ్యాచ్. ఒకడు పని చేస్తాడు, ఒకడు పీపీటీ చేస్తాడు, మిగతా ఇద్దరూ వైవా రోజు చొక్కా ఇస్త్రీ చేసుకుని వస్తారు. నలుగురికీ ఒకే మార్కు.

ఇంకో అమ్మ:
అందరూ చదివే పిల్లల వైపు నుంచే మాట్లాడుతున్నారు. మా వాడు అటువైపు కూర్చునేవాడు. వాడి వల్ల సార్ తనని తిట్టారని లీడర్ పిల్ల వాడితో మాట్లాడడం మానేసింది. ఇప్పుడు జవాబులు చూసి రాయించేసి, అప్పజెప్పినట్టు టిక్కు పెట్టేస్తోంది. ఆ పిల్లని మాత్రం ఏమనగలను? అదీ చిన్నదే. ఇదివరకు మా వాడికి రాదని సార్‌కి తెలుసు, ఇప్పుడు ఐదుగురికి తెలుసు. వాడు మోటారు విప్పి బిగించగలడు. క్లాసులో వాడిని ఎవరైనా ఏదైనా అడిగితే కదా.

ర్యాంకుల నాన్న:
ఈ గొడవంతా దేనికండీ, మార్కుల్ని బట్టి సెక్షన్లు చేసేస్తే సరి. ఎవరి స్పీడు వాళ్లది.

ఇంకో అమ్మ:
సి సెక్షన్‌కి ఏ సార్‌ని పంపుతారో మాకు తెలుసులెండి.

డాలస్ నాన్న:
మీ వాడిని ఎవరూ ఏమీ అడగరన్నారు కదమ్మా, దానికోసమే పుట్టిన పద్ధతి ఒకటుంది. 1971లో ఇక్కడే టెక్సాస్‌లో, ఆస్టిన్ బడుల్లో నల్ల, తెల్ల, మెక్సికన్ మూలాల పిల్లల్ని మొదటిసారి ఒకే గదిలో కూర్చోబెడితే రోజూ గొడవలే. ఇలియట్ ఆరన్‌సన్ అనే సైకాలజిస్టుని సాయం అడిగారు. ఆయన పాఠాన్ని ముక్కలు చేశాడు. మన సోషల్‌లో అయితే సహాయ నిరాకరణ ఒకరికి, ఉప్పు సత్యాగ్రహం ఒకరికి, క్విట్ ఇండియా ఒకరికి అనుకోండి. ముందు అన్ని గ్రూపుల్లోని ఉప్పు సత్యాగ్రహంవాళ్లు ఒకచోట చేరి దాన్ని బాగా చదువుకుంటారు, తర్వాత ఎవరి గ్రూపుకి వాళ్లు వెళ్లి చెబుతారు. పరీక్ష మాత్రం పాఠమంతా, ఎవరిది వాళ్లే రాయాలి. తడబడే పిల్లవాడిని వెక్కిరిస్తే వాడి ముక్క తమకు దక్కదు. అందుకని వినడం నేర్చుకున్నారు. ఇందులో లీడరంటూ ఉన్నా చర్చ నడపడానికే, పాఠం చెప్పే భారం మాత్రం అందరిదీ.

పీఎస్ మాస్టారు (జడ్పీ హైస్కూలు):
సోషల్‌కి బాగుంటుంది. లెక్కలకి, ఫిజిక్స్‌కి నేను ఒప్పుకోను, ఒకడు తన ముక్క తప్పుగా అర్థం చేసుకుంటే గ్రూపంతా తప్పే నేర్చుకుంటుంది. పైగా 45 నిమిషాల పీరియడ్, కిక్కిరిసిన గది. బెంచీలు తిప్పే చోటు లేదు, ముందు బెంచీవాళ్లు వెనక్కి తిరిగితే అదే మా గ్రూపు. ఇంకో సంగతి, మీకు నచ్చినవాళ్లతో కూర్చోండి అంటే మా పిల్లలు వాడలవారీగా కూర్చుంటారు, ఆడపిల్లలొక పక్క, మగపిల్లలొక పక్క. అందుకని గ్రూపులు నేనే వేస్తాను, ఎవరు అలిగినా సరే.

మార్కుల తగువుకి, అమెరికాలో గ్రూపు చదువుల మీద పరిశోధన చేసిన రాబర్ట్ స్లావిన్ చెప్పిన మందు నాకు నచ్చింది. పరీక్ష ఎవరిది వాళ్లే రాస్తారు. గ్రూపుకి పాయింట్లు మాత్రం వచ్చిన మార్కుకి కాదు, తన పాత సగటు మీద ఎంత పెరిగిందో దానికి. ఎప్పుడూ 6 తెచ్చుకునేవాడు 10 తెస్తే గ్రూపుకి ఫస్టు ర్యాంకరు కంటే వాడే ఎక్కువ కలిసొస్తాడు. చూసి రాయించి టిక్కు పెట్టడం వల్ల ఆ పాయింట్లు రావు, వాడికి నిజంగా అర్థమయ్యేదాకా చెప్పాల్సిందే.

వెనక బెంచీ:
అప్పుడూ చెప్పేది మేడమ్ వాళ్లమ్మాయే కదా మాస్టారూ?

పీఎస్ మాస్టారు (జడ్పీ హైస్కూలు):
చెబుతుంది. విడమరిచి చెప్పిన పిల్లకి లాభమే, అక్కడ వాళ్ల స్కూలు చెప్పింది అబద్ధం కాదు. ఎందుకు, ఎలా అని చెబితేనే ఆ లాభం. జవాబు అందిస్తే ఇచ్చినవాళ్లకీ లేదు, పుచ్చుకున్నవాళ్లకీ లేదు. రోజూ ఒక పీరియడంతా ఒకే పిల్ల చెప్పాలంటే నేనూ ఒప్పుకోను. పది నిమిషాలు చాలు. అదీ టీచరు గదిలో తిరుగుతూ వింటుండగా.

రిటైర్డ్ హెచ్.ఎం.:
టీచరు గదిలో ఉండాలన్నది నాకూ సమ్మతమే. వీధి బడిలో పంతులుగారు ఎదురుగానే ఉండేవారు, బెత్తంతో సహా.

తొమ్మిదో తరగతి అమ్మ:
పేరెంట్స్ మీటింగ్ దగ్గర్లోనే ఉంది. చివరి పీరియడ్‌కి టీచరు ఎవరు, వేరే పిల్లల మార్కులకి మా అమ్మాయిని ఎందుకు నిలబెడుతున్నారు, ఈ రెండూ రాసిచ్చి అడుగుతాను. ఆ సగటు మీద పాయింట్ల సంగతి కూడా చెప్పి చూస్తాను. ప్రాజెక్టుకి ఆరు పేర్లూ ఒకే మార్కూ అంటే మాత్రం నేను ఇప్పటికీ ఒప్పుకోను మాస్టారూ. ఎవరు ఏ భాగం రాశారో పక్కన రాయించండి, దాని గురించి ఆ పిల్లనే అడగండి.

ఇంకో అమ్మగారూ, మీ వాడిదీ మా అమ్మాయిదీ ఒకే స్కూలు కాదు కదా?

ఇంకో అమ్మ:
కాదులెండి, మాది వేరే ఊరు. అయినా మీటింగ్‌కి నేనూ అవే రెండు ప్రశ్నలు పట్టుకెళ్తాను.

వెనక బెంచీ:
చార్టు డబ్బులు ఆరుగురి మీదా పంచమని కూడా అడగండి మేడమ్.