మొదటి పెద్ద వేప్ కొనాలి, ఏది తీసుకోవాలి?

హన్మకొండ, ఇప్పుడు లెస్టర్ (కొత్త సభ్యుడు):

అన్నలకు, అక్కలకు నమస్తే. మాది హన్మకొండ, నయీంనగర్. జనవరిలో మాస్టర్స్ కోసం లెస్టర్ వచ్చాను. బీటెక్ రెండో సంవత్సరం నుంచి సిగరెట్ అలవాటు, రోజుకు పది దాకా తాగేవాడిని. ఇక్కడ ప్యాకెట్ 15 పౌండ్లు దాటింది. ఆ ఖర్చు భరించలేక, చలిలో బయట నిలబడలేక, మా సీనియర్ చెప్తే చిన్న పాడ్ (జేబులో పట్టే చిన్న వేప్, అంటే ఈ-సిగరెట్) కొన్నాను. మిల్లీలీటరుకు 20 మిల్లీగ్రాముల నికోటిన్ సాల్ట్ లిక్విడ్ వాడుతున్నాను. సిగరెట్లు రోజుకు మూడుకు వచ్చాయి కానీ ఆ మూడూ పోవడం లేదు. అందుకే పెద్ద మాడ్‌కు (విడి బ్యాటరీలు వేసే పెద్ద వేప్‌కు) మారదామని ఉంది. రెండు బ్యాటరీలది, 200 వాట్లు, సబ్-ఓమ్ ట్యాంక్‌తో (ఒక ఓమ్ కంటే తక్కువ కాయిల్‌తో ఎక్కువ ఆవిరి ఇచ్చేది) కలిపి 60 పౌండ్లు చెప్తున్నారు. ఇప్పుడున్న 20 సాల్ట్ అందులోనే పోసుకోవచ్చా? ఏ మోడల్ మంచిది? ఇంకో మాట, దసరాకు ఇంటికి వస్తున్నాను. పాత పాడ్ మా బావకు ఇద్దామని. సూట్‌కేసులో వేసుకొస్తే ఏమన్నా అంటారా?

కాజీపేట, ఇప్పుడు బర్మింగ్‌హామ్:

తమ్మీ, మోడల్ సంగతి తర్వాత. ఆ 20 సాల్ట్ మాత్రం సబ్-ఓమ్ ట్యాంకులో పోయకు. 2019లో నేను అదే పని చేశాను. నాలుగు దమ్ములకే తల తిరిగి, వాంతి అయ్యి, మెట్ల మీద కూలబడ్డాను. చిన్న పాడ్ 10, 15 వాట్ల మీద కొంచెం ఆవిరి ఇస్తుంది. సబ్-ఓమ్ 50, 60 వాట్ల మీద ఒక్క దమ్ముకే దానికి ఎన్నో రెట్లు ఇస్తుంది. అందుకే అందులో 3 మిల్లీగ్రాములది పోస్తారు, మహా అయితే 6.

రెండోది దమ్ము తీసే పద్ధతి. సిగరెట్ తాగినవాళ్లు పొగను ముందు నోట్లోకి తీసుకుని, తర్వాత లోపలికి పీలుస్తారు. 0.8 నుంచి 1.2 ఓమ్ కాయిల్స్ (లిక్విడ్‌ను వేడి చేసే తీగచుట్టలు) అలాంటి దమ్ము కోసమే. 0.2, 0.4 ఓమ్ కాయిల్ అయితే హుక్కా లాగినట్టు నేరుగా ఊపిరితిత్తుల్లోకి లాగాలి. అది వేరే అలవాటు. సిగరెట్ మానడానికి రెండో అలవాటు నేర్చుకోవాల్సిన పని లేదు.

నీకు ఆ మూడు సిగరెట్లు ఏ టైముకు కావాలనిపిస్తున్నాయో చెప్పు. నాకైతే పొద్దున లేవగానే ఒకటి, అన్నం తిన్నాక ఒకటి చివరిదాకా మిగిలాయి. పాడ్ కాయిల్ పాతబడి సరిగ్గా ఇవ్వకపోవడమే కారణం. కొత్త కాయిల్ వేసి, పొద్దున చాయ్ కంటే ముందే పాడ్ తీసుకోవడం మొదలుపెట్టాక రెండు వారాల్లో పోయాయి. నన్నడిగితే లోపలే బ్యాటరీ ఉండి, 30, 40 వాట్ల దాకా వెళ్లి, ఎయిర్‌ఫ్లో (గాలి వచ్చే దారి) తిప్పుకునే వీలుండి, రెండు రకాల కాయిల్స్ పట్టే పాడ్ మాడ్ తీసుకో. 25, 35 పౌండ్ల మధ్య దొరుకుతుంది. వాట్లు చూసి కొనకు. దాని కాయిల్స్ మీ వీధి షాపులో దొరుకుతాయా అన్నది చూసి కొను.

జగిత్యాల, ఇప్పుడు మాంచెస్టర్:

కాజీపేట అన్న చెప్పిన దాంట్లో సాల్ట్ సంగతి కరెక్ట్. మిగతాది ఒప్పుకోను. నేను 2016లో సబ్-ఓమ్‌తోనే సిగరెట్ మానేశాను, ఈ రోజు దాకా మళ్లీ ముట్టలేదు. చిన్న పాడ్లు మూడు మార్చినా పోని సిగరెట్ పెద్ద ట్యాంకుతో పోయింది. నోరు నిండా, ఛాతీ నిండా ఆవిరి ఉంటేనే కొందరికి తృప్తి. లిక్విడ్ కూడా చవక. 60 మిల్లీలీటర్ల సీసాలో 50 మిల్లీలీటర్ల నికోటిన్ లేని షార్ట్‌ఫిల్ (పైన ఖాళీ వదిలి అమ్మే లిక్విడ్) వస్తుంది. 18 మిల్లీగ్రాముల నిక్ షాట్ (చిన్న నికోటిన్ సీసా) ఒకటి, అంటే 10 మిల్లీలీటర్లు, అందులో కలిపితే మొత్తం 3 మిల్లీగ్రాములు అవుతుంది. అయినా అదంతా ఆవిరే కదా, పొగలాగా గోడలకు పట్టదు.

తమ్మీ, నువ్వు మాడ్ కొంటే మాత్రం బ్యాటరీల గురించి నేర్చుకోకుండా ముట్టుకోకు. 18650 బ్యాటరీలు విడిగా వస్తాయి. వాటిని తాళాలతో, చిల్లరతో జేబులో వేసుకుంటే షార్ట్ అవుతుంది. మా రూమ్మేట్ ప్యాంటు కాలి తొడ మీద బొబ్బలు లేచాయి. ఒక పౌండు పెడితే ప్లాస్టిక్ డబ్బీ వస్తుంది, కొనుక్కో. పైన చుట్టిన ప్లాస్టిక్ తొడుగు చిరిగిందంటే వాడొద్దు. ఆ బ్యాటరీ ఒళ్లంతా మైనస్సే, ప్లస్ కొన దాకా. తొడుగు అక్కడ చిరిగితే రెండూ కలిసే ప్రమాదం ఉంది. రెండు బ్యాటరీల మాడ్‌లో రెండూ ఒకే కంపెనీవి, ఒకే రోజు కొన్నవి, ఎప్పుడూ జంటగానే ఛార్జ్ చేసినవి ఉండాలి. ఆన్‌లైన్‌లో 9900 ఎంఏహెచ్ (ఎంత ఛార్జ్ పడుతుందో చెప్పే అంకె) అని రాసి అమ్మే 18650 నకిలీ. ఈ సైజులో మంచివే చాలావరకు 3500 దగ్గర ఆగిపోతాయి. బ్యాటరీలు మాత్రమే అమ్మే షాపులో కొను.

కాజీపేట, ఇప్పుడు బర్మింగ్‌హామ్:

జగిత్యాల తమ్మీ, నువ్వు 2016 లెక్క చెప్తున్నావు. 2017 మే తర్వాత ఇక్కడ ట్యాంక్ 2 మిల్లీలీటర్లు దాటకూడదు, నికోటిన్ సీసా 10 మిల్లీలీటర్లు దాటకూడదు, బలం 20 మిల్లీగ్రాములు దాటకూడదు. నా సబ్-ఓమ్ రోజుకు 10 మిల్లీలీటర్లు తాగేది. అంటే రోజుకు ఐదుసార్లు నింపాలి, క్లాసులో కూర్చునే పిల్లవాడు.

చవక అన్నావు. 2026 అక్టోబర్ 1 నుంచి ప్రతి 10 మిల్లీలీటర్ల మీద 2 పౌండ్ల 20 పెన్నీల కొత్త డ్యూటీ పడుతుంది. నికోటిన్ లేని షార్ట్‌ఫిల్ మీద కూడా. దాని పైన వ్యాట్ కలిపితే 2 పౌండ్ల 64. రోజుకు 10 మిల్లీలీటర్లు తాగే మాడ్ మీద పన్నే నెలకు 79 పౌండ్లు. రోజుకు 2 మిల్లీలీటర్ల పాడ్ మీద 16 లోపే. నికోటిన్ చూస్తే, పాడ్‌లో 2 మిల్లీలీటర్ల 20 సాల్ట్‌లో 40 మిల్లీగ్రాములు ఉంది, మాడ్‌లో 10 మిల్లీలీటర్ల 3లో 30 ఉంది. ఐదింతలు లిక్విడ్ కాల్చి తక్కువ నికోటిన్ తీసుకోవడం స్టూడెంట్‌కు ఎందుకు?

నర్సంపేట, ఇప్పుడు లెస్టర్:

తమ్మీ, నేనూ లెస్టరే. వేప్ ఏది కొన్నా ఫర్వాలేదు, ముందు నీ ఇంటి అగ్రిమెంట్ తీసి చదువు. గోడలకు పట్టదు అని జగిత్యాల అన్న రాశాడు, అది చదివి నాకు పాత బాధ గుర్తొచ్చింది.

2021లో నేను ఇంకో నలుగురితో కలిసి ఒక ఇంట్లో ఉండేవాడిని. నా గది మేడ మీద, కిటికీ చిన్నది. 70 శాతం వీజీ (గ్లిజరిన్) లిక్విడ్, పెద్ద ట్యాంక్. ఫిబ్రవరిలో ఒక రాత్రి రెండు గంటలకు అసైన్‌మెంట్ రాస్తూ వరుసగా లాగుతున్నాను, హాల్లో పొగ అలారం మొదలైంది. ఐదుగురమూ చెప్పులు లేకుండా వీధిలో నిలబడ్డాం. అందులో ఒక అమ్మాయికి మర్నాడు పొద్దున పరీక్ష. ఆమె ముఖం నాకు ఇప్పటికీ గుర్తే. మర్నాడు ఆ ఇంటి ఓనర్ ఫోన్ చేసి, ఇక్కడ స్మోకింగ్ వద్దని రాసుంది కదా అన్నాడు. నేను సిగరెట్ తాగలేదు, వేప్ అన్నాను. రెండూ ఒకటే అన్నాడు. అగ్రిమెంట్‌లో వేప్ అన్న మాట లేదు. అప్పటికి ఊరుకున్నాడు.

జూలైలో ఖాళీ చేసేటప్పుడు అసలు సంగతి బయటపడింది. 450 పౌండ్ల డిపాజిట్‌లో 380 కోసేశాడు, గది మొత్తం రంగు వేయాలని. నేను గాజు మీద వేలు పెట్టి చూశాను, నిజంగానే జిడ్డు ఉంది. వంటింట్లో పొయ్యి వెనక పలక మీద పట్టినట్టు సన్నగా. కర్టెన్ పైపు మీద, అలారం మూత మీద కూడా. ఆ గ్లిజరిన్ గదిలో ఎక్కడో ఒకచోట కూర్చుంటుంది. అది నా తప్పే, ఒప్పుకుంటాను. కానీ అది గోరువెచ్చని నీళ్లు, గిన్నెలు తోమే లిక్విడ్‌తో తుడిస్తే పోయే జిడ్డు. రంగు వేయాల్సింది కాదు.

నా అదృష్టం, చేరిన రోజు గది నాలుగు గోడలూ ఫోన్లో ఫొటోలు తీసి ఏజెంట్‌కు మెయిల్ చేశాను. అందులో గోడ మీద పాత మరకలు స్పష్టంగా కనిపిస్తున్నాయి. డిపాజిట్ స్కీమ్‌లో (అద్దె డిపాజిట్‌ను కాపాడి, గొడవ వస్తే తీర్చే సంస్థలో) డిస్ప్యూట్ వేశాను, ఫీజు లేదు. ఫొటోలు పెట్టాను, కిటికీ తుడవక ముందు, తుడిచిన తర్వాత. ఓనర్ రంగు బిల్లు పెట్టాడు కానీ నేను చేరినప్పటి గోడ ఎలా ఉందో చూపించలేకపోయాడు. ఐదు వారాలు టెన్షన్. చివరికి క్లీనింగ్ కింద 60 పౌండ్లు ఓనర్‌కు, 390 నాకు వచ్చాయి. ఆ డబ్బు రాకపోతే తర్వాతి ఇంటి డిపాజిట్ కట్టలేకపోయేవాడిని.

అందుకే చెప్తున్నాను, గదిలో మేఘాలు వదిలే వస్తువు వద్దు. ఇంగ్లండ్‌లో డిపాజిట్ ఐదు వారాల అద్దె దాటకూడదు, తీసుకున్న 30 రోజుల్లో స్కీమ్‌లో పెట్టాలి. పెట్టారో లేదో ఈ రోజే చూసుకో.

కరీంనగర్, ఇప్పుడు గ్లాస్గో:

నర్సంపేట తమ్ముడూ, ఐదు వారాలు కాదు, రెండు నెలల అద్దె దాకా తీసుకోవచ్చు. 30 రోజులు కూడా కాదు, 30 పని దినాలు. నేను మూడు ఇళ్లు మారాను, ప్రతిసారీ ఇదే.

నర్సంపేట, ఇప్పుడు లెస్టర్:

కాకా, మీరు చెప్పేది స్కాట్లండ్ చట్టం. తమ్ముడు లెస్టర్‌లో ఉన్నాడు. ఇంగ్లండ్‌లో 2019 చట్టం తర్వాత ఏడాది అద్దె 50 వేల పౌండ్ల లోపుంటే ఐదు వారాలే. ఆరు వారాలు అడిగితే కట్టొద్దు.

కరీంనగర్, ఇప్పుడు గ్లాస్గో:

సరే, ఇంగ్లండ్ సంగతి నీకే తెలుస్తుంది. కానీ డిపాజిట్ స్కీమ్‌లో పెట్టకపోతే ఇక్కడా, అక్కడా డిపాజిట్‌కు మూడింతల దాకా జరిమానా ఓనర్ మీద పడుతుంది. అది ఈ పిల్లలకు ఎవరూ చెప్పరు.

మంచిర్యాల, ఇప్పుడు కోవెంట్రీ (ఫార్మసీలో పని చేస్తాను):

తమ్ముడూ, నువ్వు చివర్లో అడిగినదానికి ఎవరూ జవాబు చెప్పలేదు, నాకు అదే భయం వేసింది. వేప్ ఇండియాకు తేవద్దు. 2019 సెప్టెంబర్ 18న ఆర్డినెన్స్ వచ్చింది, డిసెంబర్‌లో చట్టమైంది. దిగుమతి, అమ్మకం, పంపిణీ అన్నీ నేరం. మొదటిసారికి ఏడాది దాకా జైలు లేదా లక్ష రూపాయల దాకా జరిమానా లేదా రెండూ. మళ్లీ పట్టుబడితే మూడేళ్లు, ఐదు లక్షలు. శంషాబాద్ కస్టమ్స్ దగ్గర దసరా పూట ఇంట్లోవాళ్లను నిలబెట్టుకుంటావా? మీ బావకు ఇచ్చేది ఏదైనా ఉంటే చాక్లెట్లు ఇవ్వు. ఇంకెక్కడికైనా విమానంలో తీసుకెళ్లినా సరే, వేప్, విడి బ్యాటరీలు క్యాబిన్ బ్యాగులోనే ఉండాలి, చెక్-ఇన్ సూట్‌కేసులో పెట్టకూడదు.

ఇంకోటి. అదంతా ఆవిరే అనుకోవద్దు. అది నీటి ఆవిరి కాదు, పీజీ (ప్రొపిలీన్ గ్లైకాల్), గ్లిజరిన్, ఫ్లేవర్లు, నికోటిన్ కలిసిన సన్నటి తుంపర. సిగరెట్ కంటే హాని చాలా తక్కువ, నేను షాపులో సిగరెట్ మానేవాళ్లకు అదే చెప్తాను. హాని లేదని మాత్రం చెప్పను. సిగరెట్ తాగనివాళ్లు మొదలే పెట్టకూడదు.

నీ అసలు ఇబ్బంది వేప్ చిన్నదని కాదు. మూడు సిగరెట్లు పోవడం లేదని. ఎన్‌హెచ్‌ఎస్ (ఇక్కడి ప్రభుత్వ ఆరోగ్య సేవ) స్మోకింగ్ మానిపించే సర్వీసు ఉంది, ఉచితం. నీ వీసా ఫీజుతో పాటు హెల్త్ సర్‌చార్జ్ కట్టావు కదా, వాడుకో. వారానికొకసారి మాట్లాడతారు. పొద్దున పూట తట్టుకోలేకపోతే వేప్‌తో పాటు నికోటిన్ ప్యాచ్ (చర్మం మీద అంటించేది) కూడా వేసుకోవచ్చు, అక్కడ అడుగు. వీధి చివర షాపులో ఎన్ని వేల పఫ్‌లు అని రాసిన రంగురంగుల డిస్పోజబుల్స్ (వాడి పారేసే వేప్‌లు) ఇప్పటికీ కౌంటర్ కింద నుంచి తీసి ఇస్తున్నారు. 2025 జూన్ 1 నుంచి వాటి అమ్మకం నిషేధం. అందులో ఏముందో ఎవరికీ లెక్క ఉండదు. ఆ షాపులో లిక్విడ్ కూడా కొనకు.

జగిత్యాల, ఇప్పుడు మాంచెస్టర్:

అక్కా, ఆవిరి అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. నా గది కిటికీ ఇప్పుడే తుడిచి చూశాను, గుడ్డ పసుపుగా వచ్చింది. కానీ సబ్-ఓమ్ నన్ను సిగరెట్ నుంచి బయటపడేసింది, ఆ మాట మీద ఉంటాను. తమ్ముడు సొంత ఇల్లు, సొంత జీతం వచ్చాక చూసుకోవచ్చు.

హన్మకొండ, ఇప్పుడు లెస్టర్ (కొత్త సభ్యుడు):

అందరికీ చాలా థ్యాంక్స్. అగ్రిమెంట్ తీసి చూశాను, మా దాంట్లో వేప్ కూడా వద్దని స్పష్టంగా రాసుంది. నేను చదవకుండా సంతకం పెట్టాను. డిపాజిట్ స్కీమ్ మెయిల్ వెతికితే దొరికింది, 30 రోజుల లోపే పెట్టారు. మాడ్ ఆలోచన మానుకున్నాను. 28 పౌండ్లకు పాడ్ మాడ్ తెచ్చాను, 0.8 కాయిల్, 50/50 లిక్విడ్ (సగం పీజీ, సగం వీజీ), అదే 20 సాల్ట్. పెరట్లోనే వాడతాను. పాత పాడ్ కొన్న షాపులోనే తిరిగి ఇచ్చేశాను, రీసైక్లింగ్‌కు తీసుకోవాల్సిందేనట. బావకు చాక్లెట్లే. అక్కా, ఆ సర్వీసుకు ఫోన్ చేశాను, మంగళవారం రమ్మన్నారు. కొత్త కాయిల్ వేశాను, ఇప్పుడే వాడొచ్చా?

కాజీపేట, ఇప్పుడు బర్మింగ్‌హామ్:

ఆగు తమ్మీ. లిక్విడ్ పోసి పది నిమిషాలు పక్కన పెట్టు. దూది పూర్తిగా తడవాలి, లేకపోతే మొదటి దమ్ముకే మాడి కొత్త కాయిల్ పోతుంది. మొదటి రోజు 12 వాట్ల మీద మొదలుపెట్టు, కాయిల్ మీద రాసిన అంకె దాటనివ్వకు. రేపు పొద్దున చాయ్ కంటే ముందు అది తీసుకుని పెరట్లోకి వెళ్లు. మధ్యాహ్నం దాకా సిగరెట్ ఆగిందో లేదో ఇక్కడ రాయి.