చెరువు పక్కన అపార్ట్‌మెంట్ కడుతున్నారు, ఎవరిని అడగాలి?

నమస్కారం అండి. మాది హైదరాబాద్ శివార్లలో చెరువు కింద ఉన్న చిన్న కాలనీ. చెరువుకూ మాకూ మధ్య ఉన్న ఖాళీ జాగాలో పెద్ద అపార్ట్‌మెంట్‌కు పునాదులు తీస్తున్నారు. నెల రోజులుగా రాత్రిళ్లు టిప్పర్లు మట్టి తెచ్చి పోస్తున్నాయి. అలుగు నీళ్లు పోయే నాలా ఇప్పుడు నేను రెండు చేతులు చాపినంత వెడల్పు కూడా లేదు. 2020 అక్టోబర్ వానలకు ఇంట్లోకి నీళ్లొచ్చి, మా బీరువాకు జానెడు ఎత్తున పట్టిన తుప్పు ఇంకా అలాగే ఉంది. వచ్చే వానాకాలం తలుచుకుంటేనే టెన్షన్.

కొత్త ఇళ్లే వద్దని మేం అనట్లేదు. మేమూ ఒకప్పుడు అలా వచ్చి కట్టుకున్నవాళ్లమే. నాలా వదిలి కట్టమంటున్నాం, అంతే. బిల్డర్ మనుషులు "పర్మిషన్ ఉంది" అంటారు గానీ కాగితం చూపించరు.

2012 నాటి జీవో 168 ప్రకారం 10 హెక్టార్లు, అంతకు మించిన చెరువైతే ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండినప్పుడు నీళ్లు చేరే హద్దు) నుంచి 30 మీటర్లు, చిన్నదైతే 9 మీటర్లు వదలాలి. మా చెరువు హద్దు చూపించే మ్యాప్ కోసం సమాచార హక్కు దరఖాస్తు ఇరిగేషన్ వాళ్లకు పెట్టాలా, నగరాభివృద్ధి సంస్థ హెచ్‌ఎండీఏకా? జవాబుకు 30 రోజుల గడువు ఉంటుంది కదా, ఈలోగా స్లాబ్ వేసేస్తే ఏం చేయాలి? చెరువుల, నాలాల ఆక్రమణలు తొలగించే హైడ్రాకు ఫిర్యాదు చేసినవాళ్లు ఎవరైనా ఉంటే, ఏ ఫొటోలు, ఏ కాగితాలు జత చేశారో చెప్తారా? ఫ్లాట్ కొనని మాలాంటివాళ్లు రెరాకు (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థకు) వెళ్లొచ్చా?

కాలనీలో రిటైరైన పెద్దవాళ్లే ఎక్కువ, కోర్టు అంటే భయపడుతున్నారు. అనుభవం ఉన్నవాళ్లు దయచేసి దారి చెప్పండి.