ఆర్మీలో ఉన్న ఆఫీసరు 2029లో ఎమ్మెల్యేగా నిలబడాలంటే ఏం చూసుకోవాలి?

కందుకూరు తమ్ముడు
మా అన్న ఆర్మీలో లెఫ్టినెంట్ కల్నల్. 2009 డిసెంబరులో పర్మనెంట్ కమిషన్ (ఆఫీసరుగా శాశ్వత ఉద్యోగం) వచ్చింది. 2029లో కందుకూరు నుంచి అసెంబ్లీకి నిలబడాలని ఉంది. టికెట్ రాకుంటే ఇండిపెండెంటుగానైనా సరే అంటున్నాడు. సెలవు పెట్టి పోటీ చేయొచ్చని ఒకరు, రాజీనామా లెటరిస్తే చాలని ఇంకొకరు చెప్తున్నారు. ఏది కరెక్టు?

మాజీ సుబేదార్, ఆత్మకూరు
రెండూ తప్పే తమ్ముడూ. సెలవులో ఉన్నా ఉద్యోగంలో ఉన్నట్టే. ఆర్మీ రూల్స్ 1954 ప్రకారం పార్టీలో చేరకూడదు, పార్టీ మీటింగుకు పోకూడదు. అంతేకాదు, తనను అభ్యర్థినని చెప్పుకోకూడదు, పక్కవాళ్లు చెప్పుకుంటుంటే ఊరుకోనూకూడదు. సంక్రాంతికి మన కూడళ్లలో కట్టే 'కాబోయే ఎమ్మెల్యే' ఫ్లెక్సీ ఒక్కటి చాలు, సంజాయిషీ అడగడానికి.

లెటరిచ్చినంత మాత్రాన బయటికొచ్చినట్టు కాదు. కేంద్రం ఆమోదించి, రిలీజ్ ఆర్డరు చేతికొచ్చి, యూనిట్ నుంచి లెక్కలు తేలాలి. దానికి నెలలు పడుతుంది. నామినేషన్ల పరిశీలన రోజుకు ఇంకా జీతం తీసుకుంటున్నాడంటే లాభదాయక పదవి (ప్రభుత్వ జీతం వచ్చే ఉద్యోగం) కింద నామినేషన్ పోతుంది.

అసలు చిక్కు పెన్షన్. ఆఫీసర్లకు 20 ఏళ్ల సర్వీసు నిండాలి. మీ అన్నకు అది 2029 డిసెంబరుకు నిండుతుంది. ఎన్నికలు ఏప్రిల్, మే నెలల్లో. ఆ ఎనిమిది నెలల తేడాకు జీవితాంతం పెన్షన్ వదులుకుంటారా అన్నది ముందు ఇంట్లో తేల్చుకోండి. 20 నిండాక తన ఇష్టంతో బయటికొచ్చినా 2015 నవంబరు 7 ఉత్తర్వు ప్రకారం ఒకే ర్యాంకు ఒకే పెన్షన్ (ఎప్పుడు రిటైరైనా అదే ర్యాంకు, అదే సర్వీసు వాళ్లకు సమాన పెన్షన్) వర్తించదు. దీని గురించి చాలామంది అడగనే అడగరు.

కందుకూరు తమ్ముడు
మొన్న సంక్రాంతికి మా వీధి కుర్రోళ్లు ఫ్లెక్సీ కట్టేశారన్నా!

మాజీ సుబేదార్, ఆత్మకూరు
ఈ రాత్రికే దించేయండి. ఫేస్‌బుక్‌లో పెట్టినవి కూడా తీసేయండి.

ఫారం 26
ఓటు సంగతి. అసెంబ్లీకి నిలబడాలంటే రాష్ట్రంలో ఎక్కడో ఒకచోట ఓటరై ఉండాలి. రిలీజ్ కాగానే సర్వీసు ఓటు (ఆర్మీలో ఉన్నవాళ్లకు ఉండే ఓటు) తీయించి, ఫారం 6తో, అంటే కొత్తగా పేరు చేర్చే దరఖాస్తుతో, సాధారణ జాబితాలోకి రావాలి. నామినేషన్ల ఆఖరు రోజు తర్వాత జాబితాలో పేరు చేర్చరు, అభ్యంతరాలకు వారం పోతుంది. అందుకని కనీసం పది రోజులు ముందే ఇచ్చెయ్యాలి. రెండు జాబితాల్లోనూ పేరుంటే అవతలి పార్టీ ఏజెంటు పరిశీలన రోజున దాన్నే పట్టుకుంటాడు.

ఇండిపెండెంటుకు ఆ నియోజకవర్గం ఓటర్లే పదిమంది ప్రతిపాదించాలి. పదిమందే సరిపోతారు కదా అనుకోవద్దు, వాళ్లలో ఒక్కరు ఆ నియోజకవర్గం ఓటరు కాకపోయినా నామినేషన్ పోతుంది. నాలుగు సెట్ల దాకా వేయొచ్చు కాబట్టి ఒక్కో సెట్టుకు వేర్వేరు మనుషుల్ని పెట్టండి. డిపాజిట్ 10,000, ఎస్సీ, ఎస్టీలకు 5,000. పోలై చెల్లిన ఓట్లలో ఆరో వంతు దాటకపోతే అది తిరిగి రాదు.

నామినేషనుతో ఇచ్చే ఆస్తులు, కేసుల అఫిడవిట్లో గడి ఖాళీగా వదలొద్దు. 'లేదు' అనో 'వర్తించదు' అనో రాయాలి. ఫౌజీలు మర్చిపోయేవి డీఎస్‌ఓపీ ఫండు (ఆఫీసర్ల ప్రావిడెంట్ ఫండు) నిల్వ, మాజీ సైనికుడిగా వచ్చిన అసైన్డ్ భూమి, భార్య పేరున ఉన్న డిపాజిట్లు. నామినేషనుకు కనీసం ఒకరోజు ముందు ఎన్నికల ఖర్చుకు వేరే బ్యాంకు ఖాతా తెరవాలి. పరిమితి 40 లక్షలు. ఫలితం వచ్చిన 30 రోజుల్లో లెక్కలివ్వకపోతే మూడేళ్లు అనర్హత పడొచ్చు. ఓడినవాళ్లే ఇందులో ఎక్కువ దొరుకుతారు, ఓడాక ఆ రసీదులు ఎవరు దాస్తారు!

గుండ్లకమ్మ
పోస్టరు మీద 'లెఫ్టినెంట్ కల్నల్ ఫలానా, రిటైర్డ్' అని వేసుకోవచ్చు. యూనిఫాంలో ఫొటో, వెనకాల ట్యాంకులు, జవాన్లు మాత్రం వద్దు. సైనికుల బొమ్మలు ప్రచారంలో వాడొద్దని ఎన్నికల సంఘం 2013లో చెప్పింది, 2019 మార్చిలో మళ్లీ గుర్తుచేసింది.

ర్యాంకు చూసి ఓట్లు పడతాయన్న లెక్క మాత్రం నమ్మకండి. మేజర్ జనరల్ ఖండూరీ 1991లో గఢ్వాల్ నుంచి గెలిచి 1996లో ఓడారు. 2012లో ఉత్తరాఖండ్ ముఖ్యమంత్రిగా ఉండి కోట్‌ద్వార్‌లో ఓడారు. మనవైపు చూస్తే వాయుసేన పైలట్‌గా చేసిన ఉత్తమ్ కుమార్ రెడ్డి 1994లో కోదాడలో ఓడి, అక్కడే ఉండి 1999లో గెలిచారు. మీ అన్న పెన్షనుతో బయటికొచ్చి, 2034 దాకా కందుకూరు, లింగసముద్రం, వలేటివారిపాలెం, గుడ్లూరు, ఉలవపాడు మండలాల్లో తిరిగితే మేలని నా అభిప్రాయం. 2029లోనే తప్పదంటే 2028 మధ్యలోనే కాగితం పెట్టమనండి.