ప్యారిటీకి "సరి" సరిపోతుందా?

అందరికీ నమస్కారం. పాలిటెక్నిక్ పిల్లల కోసం కంప్యూటర్ మెమరీ పాఠం తెలుగులో రాస్తున్నాను. "ప్యారిటీ బిట్" (డేటాలో తప్పు దొర్లిందేమో చూడటానికి పక్కన చేర్చే అదనపు బిట్టు, అంటే ఒక 0 లేదా 1) దగ్గర ఆగిపోయాను. దీనికి "సమతా బిట్టు" అనే మాట ఒకటి విన్నాను, "సరి బిట్టు" అని ఇంకొకటి. మొదటిది నాకు నచ్చలేదు. సమత అనగానే సమాజం గుర్తొస్తుంది గానీ అంకెలు గుర్తురావు. రెండోది మాత్రం మూడు రోజులుగా నన్ను వదలడం లేదు.

మన "సరి" ఎన్ని పనులు చేస్తుందో చూడండి. రెండేసి చొప్పున తీస్తే ఏమీ మిగలనిది సరి సంఖ్య. తప్పు లేనిదీ సరే. సరిచూస్తాం, సరిదిద్దుతాం. (సరిహద్దులో ఉన్నది మాత్రం ఈ సరి కాదు. అది పారసీ నుంచి వచ్చిన "సర్‌హద్".) ప్యారిటీ చేసేదీ అచ్చం ఇదే. 1011లో ఒకట్లు మూడు, అంటే బేసి. పక్కన ఇంకో 1 చేరిస్తే నాలుగు, సరి అయింది. తిరిగి చదివినప్పుడు బేసి వచ్చిందంటే ఏదో బిట్టు తిరగబడినట్టే. ఒకే మాటలో లెక్కా, తీర్పూ రెండూ ఉండటం చూసి నిజంగా పొంగిపోయాను.

కానీ పాఠం ముందుకు వెళ్లేసరికి చిక్కు వచ్చింది. సర్వర్లలో వాడే ఈసీసీ మెమరీ (తప్పులు కనిపెట్టి దిద్దే మెమరీ) సాధారణంగా 64 బిట్ల డేటాకు 8 చెక్ బిట్లు (తప్పు పట్టేందుకు చేర్చే సరిబేసి లెక్కలు) కలిపి 72గా దాస్తుంది. మామూలు ర్యామ్ ముక్క మీద ఒక వైపు 8 చిప్‌లుంటే, ఈసీసీ ముక్క మీద చాలాసార్లు 9 కనిపించేది అందుకే. ఏ బిట్టు తప్పిందో కనిపెట్టి దిద్దే పద్ధతిని 1950లో బెల్ ల్యాబ్స్‌కు చెందిన రిచర్డ్ హామింగ్ ప్రచురించారు. 1970లో ఐబీఎమ్‌కు చెందిన షియావ్ దాన్ని ఇంకో రకంగా అల్లారు. ఏ బిట్టును ఏ చెక్ బిట్లు చూడాలో చెప్పే ఆయన పట్టికలో ఒక్కో బిట్టుకు ఒక నిలువు వరస, ప్రతి వరసలోనూ ఒకట్లు బేసిగానే ఉంటాయి. ఒక తప్పు జరిగితే లెక్క తేడా వచ్చిన చెక్ బిట్లు బేసిగా కనిపిస్తాయి, దాన్ని దిద్దొచ్చు. రెండు తప్పులు జరిగితే బేసీ బేసీ కలిసి సరి అవుతుంది, అప్పుడు దిద్దలేం. అంటే "సరి వచ్చింది, కాబట్టి సరిదిద్దలేం" అని రాయాల్సి వస్తోంది! పిల్లవాడికి ఇది ఎలా చెప్పను?

వ్యాఖ్య: అయ్యా, నేను తెలుగు పండితుడిగా పనిచేసి రిటైరయ్యాను. మా చిన్నప్పుడు గుప్పిట్లో చింతగింజలు పట్టుకుని "సరా, బేసా?" అని అడిగేవాళ్లం. ఆ ఆట పేరు సరిబేసి. ఆ ప్రశ్ననే పేరుగా పెట్టండి, జవాబును కాదు. "సరిబేసి బిట్టు" అనండి.

వ్యాఖ్య: సార్, నేను వీఎల్ఎస్ఐ (చిప్‌ల రూపకల్పన) చదువుతున్నాను. ఈసీసీ ఎన్‌కోడర్ కరెంటు ఎక్కువ తింటుందని మా క్లాసులో అంటుంటారు. ఎన్‌కోడర్ అంటే చెక్ బిట్లు లెక్కగట్టడమే కదా, అంత చిన్న సర్క్యూట్‌కు అంత కరెంటు ఎందుకు?

జవాబు: మాస్టారూ, మీ మాట బంగారం. తమ్ముడి ప్రశ్నకూ అందులోనే సమాధానం దొరికింది. గుప్పిట్లో ఒక్క గింజ వేసినా, తీసినా సరి కాస్తా బేసి అవుతుంది. చెక్ బిట్లు లెక్కగట్టే ఎక్సార్ గేటు (వచ్చిన ఒకట్లు బేసి అయితే 1 ఇచ్చేది) గుణమూ అదే. యాండ్ గేటుకు (రెండు వైపులా 1 ఉంటేనే 1 ఇచ్చేది) ఒక వైపు 0 ఉంటే రెండో వైపు ఏం మారినా పట్టదు. ఎక్సార్‌కు ఆ సౌకర్యం లేదు, ఏ వైపు కదిలినా జవాబు తిరగబడుతుంది, ఆ కదలిక తర్వాతి గేటుకూ పాకుతుంది. ఒక సంకేతం ముందూ, ఇంకోటి కాస్త వెనకా వస్తే జవాబు ఊరికే రెండుసార్లు మారుతుంది. మారిన ప్రతిసారీ తీగను నింపాలి, ఖాళీ చేయాలి. మెమరీలో రాసిన ప్రతిసారీ ఇదే తంతు. కరెంటు పోయేది అక్కడే.

అందుకే పట్టికలో ఒకట్లు ఎంత తగ్గితే అంత మేలు. షియావ్ అల్లికలో 64 డేటా బిట్లలో 56 బిట్ల వరసలకు మూడేసి ఒకట్లు, మిగతా 8 బిట్లకు ఐదేసి. మొత్తం 208. వాటిని 8 చెక్ బిట్లకు సమానంగా పంచితే ఒక్కొక్కటీ 26 బిట్లను చూస్తే చాలు. అదే రెండు తప్పులు పట్టడానికి హామింగ్ కోడ్‌కు అన్ని బిట్లకూ కలిపి ఒక సరిబేసి బిట్టు తగిలిస్తే, ఆ ఒక్కటే 64 డేటా బిట్లనూ 7 చెక్ బిట్లనూ, అంటే 71 బిట్లను చూడాలి.

ఇంకో వెసులుబాటు కూడా ఉంది, నాకు బాగా ఇష్టమైనది ఇదే. ఏ డేటా బిట్టుకు ఏ వరస ఇచ్చినా దిద్దే శక్తి తగ్గదు. చిన్న చిన్న అంకెలు దాచేటప్పుడు కింది బిట్లు తరచూ మారతాయి, పై బిట్లు ఎక్కువసార్లు 0గానే ఉండిపోతాయి. తరచూ కదిలే వాటికి మూడు ఒకట్ల వరసలు, కదలని వాటికి ఐదువి ఇస్తే అదే పని తక్కువ కరెంటుతో అవుతుంది.

కాబట్టి పాఠంలో ఇలా రాస్తున్నాను: ప్యారిటీ అంటే సరిబేసి. ఈవెన్‌కు మాత్రమే సరి. కరెక్షన్‌కు "తప్పు దిద్దడం" అంటాను, "సరిదిద్దడం" అనను. ఇక "సిండ్రోమ్" మిగిలింది. తప్పు ఎక్కడ జరిగిందో ఆచూకీ ఇచ్చే 8 బిట్ల గుర్తు అది. డాక్టర్ల మాట వద్దనుకుని "ఆనవాలు" అని పెట్టాను. మాస్టారూ, ఇది నిలుస్తుందంటారా?